గీత మీద పడిన బంతి

నేను ఏళ్ళ తరబడి మోస్తున్న బరువు ఒక మంచిపేరు. వినడానికి వింతగా ఉంటుంది. చెడ్డపేరు మోసేవాడైనా ఏదో ఒకరోజు తెగించి, అవునయ్యా, చేశాను, ఇప్పుడేమంటావు అని దించేసి కూర్చోగలడు. మంచిపేరుని అలా దించనివ్వరు. దించబోతే పక్కనున్నవాళ్ళే మళ్ళీ ఎత్తి భుజాన పెడతారు, పైగా వీపు తట్టి వెళతారు.

మీరెవరో నాకు తెలియదు. ఈ మాటలు చెప్పడానికి నాకు తెలియనివాళ్ళే కావాలి. తెలిసినవాళ్ళయితే రెండో వాక్యానికే అడ్డం వచ్చి, ఊరుకోండి, మీలాంటివారు తప్పు చేయడమేమిటి అంటారు. దాంతో నా నోరు మూతపడుతుంది. ఇదివరకు అలా జరిగింది కూడా. నా పేరు చెప్పను. న్యూజెర్సీలో ఉంటాను, ఒక మందుల కంపెనీలో కెమికల్ ఇంజనీర్ని. ఈ చుట్టుపక్కల తెలుగువాళ్ళు ఇది చదివితే నాలుగు ముక్కల్లో నన్ను పోల్చుకుంటారు. పోల్చుకోనీ. వాళ్ళే కదా నాకు ధర్మప్రభువు అని పేరు పెట్టింది.

ఆ పేరు వెనకున్న కథ అందరికీ తెలిసిందే. కూతురు టెన్నిస్ ఫైనల్ ఆడుతుంటే లైను దగ్గర తీర్పు చెప్పడానికి తండ్రినే కూర్చోబెట్టారట. ఇంకొక్క పాయింటు వస్తే కూతురు గెలుస్తుంది. ఆ పిల్ల కొట్టిన బంతి గీత దాటి పడిందట. తండ్రి తడుముకోకుండా 'అవుట్' అన్నాడట. కూతురు ఓడిపోయిందట. ఎదుటి పిల్ల ఎవరనుకున్నారు, ఇప్పుడు టీవీలో కనిపించే ఆ రష్యన్ పిల్ల గాల్యానేనట. పార్టీల్లో అన్నాల దగ్గర ఈ కథ చెప్పుకుంటారు. మా తెలుగు అసోసియేషన్ ఎన్నికల్లో ఓట్లు లెక్కపెట్టడానికి ప్రతిసారీ నన్నే కూర్చోబెడతారు. కథలో దాదాపు అంతా నిజమే.

ఆ బంతి మాత్రం గీత దాటలేదు.

రాశాను. కొట్టెయ్యలేదు. కొట్టేస్తాననుకున్నాను.

మొదటినుంచీ చెబుతాను. పార్సిప్పనీలో మేముండే అపార్ట్‌మెంట్లలోకి డెబ్బైల చివర ఒక చలికాలంలో సెమ్యోన్, అతని కూతురు గాల్యా వచ్చారు. తల్లి లెనిన్‌గ్రాడ్‌లోనే పోయింది. వాళ్ళు యూదులు. దేశం వదలడానికి అనుమతి దొరికేసరికి తలప్రాణం తోకకొచ్చిందని, వియన్నా, రోమ్ మీదుగా వచ్చామని సెమ్యోన్ సగం ఇంగ్లీషుతో, సగం చేతులతో చెప్పేవాడు. అక్కడ వంతెనలకి డిజైన్లు గీసేవాడట. ఇక్కడ బ్రెడ్ కంపెనీ వ్యాన్ నడిపేవాడు. అతను వ్యాన్ వెనక్కి తియ్యడం చూసినవాళ్ళు తమ కార్లు తీసుకెళ్ళి దూరంగా పెట్టుకునేవారు. మనిషి మాత్రం వెన్నపూస. ఎవరైనా చిన్న సాయం చేస్తే కళ్ళనీళ్ళు పెట్టుకుని రెండు బుగ్గల మీదా ముద్దు పెట్టేసేవాడు. నా భార్య శారద అతను కనిపించగానే రెండు చేతులూ జోడించి అల్లంత దూరాన నిలబడేది.

గాల్యాకి అప్పుడు పన్నెండేళ్ళు, మా అమ్మాయి సుధ ఈడుదే. అక్కడి ప్రభుత్వ క్రీడా పాఠశాలలో చిన్నప్పటినుంచీ టెన్నిస్ నేర్చుకుంది. ఆ సంగతి మాకు మొదట తెలియదు. ఇంకా మంచు పూర్తిగా కరగని ఒక శనివారం, హైస్కూల్ వెనకాల ఉన్న పబ్లిక్ కోర్టుకి నేనూ సుధా వెళ్ళేసరికి, ఒక బక్కపిల్ల పొడుగు కోటు వేసుకునే గోడకేసి బంతి కొడుతోంది. వాల్తేరులో ఇంజనీరింగ్ చదివే రోజుల్లో అరువు రాకెట్‌తో ఆట నేర్చుకున్నవాణ్ణి నేను. నాకు ఆట గొప్పగా రాదు గానీ ఆట చూడడం వచ్చు. ఆ పిల్ల చేతిలోంచి వస్తున్న చప్పుడు వినగానే మా ఇద్దరి నడకా ఆగిపోయింది. సుధే ముందు వెళ్ళి, ఆడదామా అని అడిగింది. గాల్యా కోటు విప్పి, మడతపెట్టి, బెంచీ మీద పెట్టి వచ్చి మా ఇద్దరినీ కలిపి పరుగులు పెట్టించింది.

ఇక ఆ రోజునుంచి ఇద్దరు పిల్లలూ ఒకళ్ళకొకళ్ళు తోక. సెమ్యోన్‌కి టెన్నిస్ ఓనమాలు రావు. కంచె బయట నిలబడి రష్యన్‌లో 'కాళ్ళు, కాళ్ళు' అని అరవడమొక్కటే అతని శిక్షణ. అంచేత గాల్యాతో ఆడేది నేను, టోర్నమెంట్లకి తీసుకెళ్ళేది మా స్టేషన్ వ్యాగన్ కారు. శనివారం పొద్దున్నే సుధా, గాల్యా వెనకసీట్లో, సెమ్యోన్ నా పక్కన. అతను ఉడికించిన బంగాళాదుంపలు న్యూస్‌పేపర్లో చుట్టి తెచ్చేవాడు. శారద పెరుగన్నం డబ్బా ఇచ్చేది. పిల్లలు ఆ దుంపలు ఈ అన్నంలో నలుపుకుని, పైన ఆవకాయ వేసుకుని తినేవాళ్ళు. సుధ స్నేహితులంతా నన్ను అంకుల్ అంటారు కాబట్టి గాల్యా కూడా అంకుల్ అంది. కొన్నాళ్ళకి బంతి నెట్‌కి తగిలినప్పుడల్లా సుధని చూసి నేర్చుకుని 'అబ్బా' అనడం మొదలుపెట్టింది. ఆ బంగారు జుట్టుపిల్ల నోట ఆ మాట వింటే నాకు నవ్వాగేది కాదు. నన్ను ఒక మూలనుంచి ఇంకో మూలకి పరిగెత్తించి, నేను రొప్పుతుంటే 'సారీ అంకుల్' అని, తర్వాతి బంతి మళ్ళీ అవతలి మూలకే కొట్టేది. ఆ పిల్లంటే నాకు ప్రాణం. ఈ మాట ఇప్పుడే ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత చెబితే సాకులాగా ఉంటుంది.

ఈ దేశంలో పిల్లల టోర్నమెంట్లలో ఒక పద్ధతి ఉంది. అంపైర్లు ఉండరు. ఎవరివైపు పడిన బంతికి వాళ్ళే తీర్పు చెప్పుకోవాలి, లోపల పడిందో బయట పడిందో. సందేహం వస్తే ఆ బంతి ఎదుటివాళ్ళకి ఇచ్చెయ్యాలి. తల్లిదండ్రులు కంచె బయట నోరు మూసుకుని కూర్చోవాలి. పిల్లల మీద ఇంత నమ్మకం పెట్టే పద్ధతి నేను ఇంకెక్కడా చూడలేదు. ఇద్దరికీ ఇది నేనే నేర్పాను. గాల్యాకి కొత్త, వాళ్ళ దేశంలో పెద్దవాళ్ళు కూర్చుని చెప్పేవారట. సుధకి మాత్రం చూడగానే వచ్చేసింది. సుధ కళ్ళు అలాంటివి. హైవే మీద నాకు బోర్డు ఉందని తెలిసేలోపే అందులో ఏముందో చదివి, డాడీ మన ఎగ్జిట్ వస్తోంది అనేది. కోర్టులో ఎదుటి పిల్లలు తమవైపు పడిన బంతి గురించి సుధనే అడిగేవారు. నా కూతురి ఆటకన్నా నాకు దాని కళ్ళే ఎక్కువ గర్వంగా ఉండేవి.

మరి అలాంటి తండ్రి ఆ పని ఎలా చేశాడు?

పిల్లలకి పద్నాలుగేళ్ళు వచ్చిన వేసవిలో, ఇక్కడికి గంట దూరంలో ఒక క్లబ్బులో పెద్ద జూనియర్ టోర్నమెంట్ పెట్టారు. ఫ్లారిడాలో ఒక టెన్నిస్ అకాడమీ నుంచి కోచ్ వస్తాడని, గెలిచిన అమ్మాయిని తీసుకెళ్ళి అక్కడే ఉంచి, చదివించి, ఆట నేర్పిస్తారని అన్నారు. ఆ వారం నేను కారు కడుగుతుంటే సుధ వచ్చి పక్కన నిలబడి, నేను గెలిస్తే నన్ను పంపిస్తావా అని అడిగింది. పంపిస్తానన్నాను. ప్రామిస్ చెయ్యమంది. చేశాను. చేతిలో సబ్బునీళ్ళతోటే చేశాను. ఎందుకు చేశానో మీకు చెప్పాలి. గాల్యా కూడా ఆడుతోంది. సుధ గాల్యాని ఎన్నడూ ఓడించలేదు. నిలబెట్టుకోనక్కరలేని మాట ఇవ్వడానికి నాకేం కష్టం? సుధ డాక్టరవుతుందని నేను ఎప్పుడో నిశ్చయించేసుకున్నాను. మా ఇంట్లో ఎవరూ డాక్టర్లు లేరు, ఉండాలి. పిల్లకి ఆట సరదా ఉంది, పాపం ఆడుకోనీ, హైస్కూల్లో చదువు బరువెక్కితే అదే పోతుంది అనుకున్నాను. ఈ లెక్కలో గాల్యా కూడా నాకు తెలియకుండానే ఒక భాగమైపోయింది. ఎలాగూ అదే గెలుస్తుంది, వాళ్ళకి అవసరం కూడా, అని.

ఫైనల్‌కి ఇద్దరూ వచ్చారు. ఫైనల్ కాబట్టి పెద్ద కుర్చీలో ఒక ముసలి అంపైర్ని కూర్చోబెట్టారు. మధ్యాహ్నం ఎండ అతని కళ్ళలో పడుతోంది, అవతలి పక్కగీత కనిపించడం లేదు. ఆ గీత చూడడానికి ఒప్పుకున్నావిడ తన కూతురు పొద్దున్నే ఓడిపోయిందని పిల్లని తీసుకుని వెళ్ళిపోయింది. ఎవరైనా వస్తారా అని అంపైర్ అడిగాడు. అప్పుడు సెమ్యోన్ లేచి నా భుజం పట్టుకుని ముందుకు తోశాడు. ఈయన కూర్చుంటాడు, ఈయన నిజాయితీపరుడు, సుధ తండ్రి అయితే ఏం, నా కూతురికి ఈయనే గురువు అన్నాడు తన విరిగిన ఇంగ్లీషులో. అంపైర్ నవ్వి, ఎదుటి అమ్మాయి తండ్రే అడుగుతుంటే నేనెందుకు వద్దంటాను అన్నాడు. వెళ్ళి మడతకుర్చీలో కూర్చున్నాను. కొంచెం ఉబ్బిపోయి కూర్చున్నాననే చెప్పాలి.

ఆ రోజు సుధకి ఏమైందో తెలియదు. మొదటి సెట్ ఓడిపోయింది, రెండోది గెలిచింది. మూడో సెట్లో నా కూతురు ఆడుతున్న ఆట నేను నేర్పింది కాదు. గాల్యా కొట్టిన ప్రతి బంతీ ఎక్కడికి వస్తుందో సుధకి ముందే తెలుస్తోంది. నా గుండె ఒకపక్క పొంగుతోంది. రెండోపక్క సబ్బునీళ్ళ చేతులతో ఇచ్చిన మాట గుర్తొస్తోంది. ఫ్లారిడా కోచ్ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని ముందుకు వంగి చూస్తున్నాడు, సుధనే. నేను అతన్ని చూశాను. అది నా తప్పు. గీత చూడాల్సినవాణ్ణి అతన్ని చూశాను.

గాల్యా సర్వీస్ చేస్తోంది. ఇంకొక్క పాయింటు వస్తే సుధ గెలుస్తుంది. చాలాసేపు బంతి అటూ ఇటూ తిరిగింది. సుధ బ్యాక్‌హ్యాండ్‌తో నా గీత వెంబడే తిన్నగా కొట్టింది. గాల్యా అందుకోలేకపోయింది. బంతి నా ముందే, నేను చెయ్యి చాస్తే తగిలేటంత దగ్గరలో, తెల్లగీత మీద పడింది. కొంచెం కూడా కాదు, సగానికి పైగా. పసుపు, తెలుపు, రెండూ నాకు స్పష్టంగా కనిపించాయి. గాల్యాకీ కనిపించాయి. ఆ పిల్ల రాకెట్ ఎడమచేతిలోకి మార్చుకుని, కుడిచెయ్యి తుడుచుకుంటూ, సుధకి షేక్‌హ్యాండ్ ఇవ్వడానికి నెట్ వైపు నడక మొదలుపెట్టింది.

నేను చెయ్యి పక్కకి చాపి, 'అవుట్' అన్నాను.

ఎందుకన్నాను? ఈ ప్రశ్న నేను డ్రైవ్ చేస్తూ, స్నానం చేస్తూ, ఆఫీసులో మీటింగులో కూర్చుని ఎన్నో రకాలుగా వేసుకున్నాను. గాల్యా మీద జాలి అని కొన్నేళ్ళు చెప్పుకున్నాను. తల్లి లేని పిల్ల, దేశం కాని దేశం. బాగుంది, కానీ ఆ క్షణంలో నేను గాల్యా గురించి ఆలోచించలేదు. సొంత కూతురి వైపు మొగ్గాడని అంటారేమోనన్న భయంతో అవతలివైపు ఒరిగిపోయానని ఇంకొన్నేళ్ళు చెప్పుకున్నాను. అందులో కొంత నిజం ఉంది. ఈ దేశంలో మనం నలుగురిలో కూర్చున్నప్పుడు మనల్ని ఎవరూ వేలెత్తి చూపకూడదన్న తాపత్రయం ఒకటి ఎప్పుడూ ఉంటుంది కదా. కానీ అడుగున ఉన్నది అది కూడా కాదు. పిల్ల చెయ్యి దాటిపోతోంది, ఆపాలి. అంతే. నేను ఇచ్చిన మాట తప్పలేను, తప్పితే చెడ్డవాణ్ణవుతాను. కాబట్టి అది గెలవకూడదు. చెడ్డవాణ్ణి కాకుండా ఉండడం కోసం ఆ పని చేశాను. ఇంత ఆలోచన రెప్పపాటులో పడుతుందా అని మీరు అడగవచ్చు. పడుతుంది. నాకు పట్టింది.

అంపైర్ వంగి, ఖచ్చితమేనా అని అడిగాడు. ఖచ్చితమే అన్నాను. అప్పుడు చప్పట్లు కొట్టారు. మీరు నమ్మండి, కంచె చుట్టూ ఉన్న అమెరికన్ తల్లులూ తండ్రులూ లేచి నిలబడి నాకు చప్పట్లు కొట్టారు. సెమ్యోన్ ఏడ్చాడు. గాల్యా నడక మధ్యలో ఆగి నావైపు చూసింది. నేను గీత వైపు చూశాను. సుధ మొదట బంతి పడిన చోటు చూసి, తర్వాత నన్ను చూసి, సరేనని తల ఊపింది.

గాల్యా తర్వాతి సర్వీసులు రెండూ నెట్‌కి కొట్టింది. కావాలని కొట్టిందా? ఇప్పటికీ అడగలేదు. దాంతో ఆ పాయింటు సుధదై, గెలవడానికి మళ్ళీ అవకాశం వచ్చింది. కానీ ఆ తర్వాత సుధ ఒక్క బంతి కూడా గీతల దగ్గరికి కొట్టలేదు. అన్నీ కోర్టు మధ్యలోకి, భద్రంగా. మధ్యలోకి వచ్చిన బంతిని వదిలిపెట్టడం గాల్యాకి చేతకాదు. మ్యాచ్ పోయింది. ఇంటికి వచ్చేటప్పుడు కారులో సెమ్యోన్ దారంతా నన్ను పొగుడుతూనే ఉన్నాడు, వెనకసీట్లో ఇద్దరు పిల్లలూ చెరో కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు.

ఇక్కడితో అయిపోతే బహుశా నేను ఇది రాసేవాణ్ణి కాదేమో. ఒక్క బంతి, ఒక్క రెప్పపాటు, మనిషన్నాక పొరపాటు, అని సర్దుకునేవాణ్ణి. తర్వాత జరిగింది రెప్పపాటు పని కాదు.

కొన్ని వారాల తర్వాత సుధ నా దగ్గరికి వచ్చింది.

"డాడీ, నా ఐస్ చెక్ చేయించవా?"

"ఎందుకమ్మా, ఏమైంది?"

"బాల్స్ కరెక్ట్‌గా కనిపించట్లేదు అనుకుంటా. ఆ రోజు అది నాకు ఇన్ అనిపించింది. లైన్ మీద పడినట్టే కనిపించింది. నువ్వు దగ్గర కూర్చున్నావు కదా, నువ్వు అవుట్ అన్నావు. సో నా ఐస్‌లోనే ఏదో రాంగ్ ఉంది."

తీసుకెళ్ళాను. అపాయింట్‌మెంట్ తీసుకుని, ఆఫీసుకి సగం రోజు సెలవు పెట్టి, నా కూతురి కళ్ళకి ఏ లోపమూ లేదని తెలిసి తెలిసీ కళ్ళ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన అన్ని పరీక్షలూ చేసి, ఇంత మంచి చూపు తాను అరుదుగా చూశానన్నాడు. బయటికి వచ్చి కారు దగ్గర నిలబడ్డాం. సుధ తలుపు తెరవలేదు.

"ఐస్ బాగానే ఉన్నాయంటే, మరి అదెలా డాడీ?"

"ఎండ కదమ్మా. అలిసిపోయి ఉంటావు."

"నిజంగా అవుటేనా?"

"అవుటే."

"ఓకే," అని కారెక్కింది.

అంత తేలిగ్గా ఒప్పుకుంది. తన కళ్ళకన్నా నా మాట పెద్దదనుకుంది. పద్నాలుగేళ్ళు నేను ఏం చేసి ఆ నమ్మకం సంపాదించానో నాకు తెలియదు, ఆ పార్కింగ్ లాట్‌లో దాన్ని ఏం చేశానో మాత్రం తెలుసు.

ఆ తర్వాత సుధ ఆట చూడలేకపోయేవాణ్ణి. ఎదుటివాళ్ళ బంతి గీతకి జానెడు అవతల పడినా, ఒక్క క్షణం తటపటాయించి, ఇన్ అనేది. సందేహం వస్తే ఎదుటివాళ్ళకి ఇవ్వాలని నేను నేర్పాను కదా. ఇప్పుడు దానికి ప్రతి బంతి మీదా సందేహమే. ఊరూ పేరూ లేని పిల్లల చేతిలో ఓడిపోయేది. ఏడాది తిరిగేసరికి రాకెట్ క్లోజెట్‌లో పెట్టేసి, చదువుకుంటాను డాడీ అంది. శారద మురిసిపోయింది. నేను కోరుకున్నది కోరుకున్నట్టే జరిగింది.

గాల్యా ఫ్లారిడా వెళ్ళింది. పదిహేడేళ్ళు నిండకుండానే ప్రొఫెషనల్ అయింది. మొదట్లో ఊరూరా మోటెళ్ళలో ఉంటూ చిన్న చిన్న టోర్నమెంట్లు ఆడేది. సెమ్యోన్ బ్రెడ్ వ్యాన్ వదిలేసి కూతురి వెంట తిరిగేవాడు. నేను రోజూ పొద్దున పేపర్లో స్పోర్ట్స్ పేజీ అడుగున చీమల్లాంటి అక్షరాల్లో స్కోర్లు వెతికేవాణ్ణి. మొదటి రౌండ్లో ఓడింది. రెండో రౌండ్‌కి వచ్చింది. పేరున్న ఒకామెని ఓడించింది. అక్షరాలు పెద్దవయ్యాయి, తర్వాత ఫోటో వచ్చింది, తర్వాత టీవీలో వచ్చింది. టీవీలో కూడా బంతి నెట్‌కి తగిలినప్పుడు దాని పెదాలు కదిలేవి. వ్యాఖ్యాతలు అది రష్యన్ అనుకునేవారు. మేము ముగ్గురం సోఫాలో కూర్చుని పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవాళ్ళం. నా ఆనందం దొంగది కాదు, అది మీరు నమ్మాలి. ఏ ఊళ్ళో ఉన్నా నా పుట్టినరోజుకి ఫోన్ చేసి, అంకుల్, మోకాలు ఎలా ఉంది అని అడిగేది. ఆ బంతి మాట ఎప్పుడూ ఎత్తలేదు. ఆ రోజు గెలవకపోయినా గాల్యా ఇంతదీ అయ్యేదని ఆట తెలిసినవాళ్ళు అంటారు. అయ్యేదనే నేనూ అనుకుంటాను. సుధ ఫ్లారిడా వెళ్ళినా ఏమీ అయ్యేది కాదేమో కూడా. అది తేల్చుకోవలసింది సుధ. నేను కాదు.

మొన్న సెప్టెంబర్లో న్యూయార్క్‌లో జరిగే పెద్ద టోర్నమెంట్‌కి గాల్యా మా అందరికీ టికెట్లు పంపింది. సుధ ఇప్పుడు మెడికల్ స్కూల్లో రెండో సంవత్సరం. సెమ్యోన్, నేను, సుధ, శారద వరసగా కూర్చున్నాం. తనకన్నా చాలా పై స్థానంలో ఉన్నామెతో గాల్యా మూడో సెట్ దాకా వచ్చింది. సరిసమానంగా ఉన్నప్పుడు అవతలామె కొట్టిన బంతి గాల్యా వెనకగీత దగ్గర పడింది. లైన్ జడ్జి అవుట్ అన్నాడు. పాయింట్ గాల్యాకి వచ్చింది, జనం చప్పట్లు కొట్టారు. గాల్యా అంపైర్ కుర్చీ దగ్గరికి నడిచి వెళ్ళి, రాకెట్‌తో గీత చూపించి ఏదో చెప్పింది. అంపైర్ ఆ పాయింట్ అవతలామెకి ఇచ్చేశాడు. అక్కడినుంచి గాల్యా మళ్ళీ తేరుకోలేదు, ఓడిపోయింది. అప్పుడు మా వైపు చూసిందని చెబితే కథకి బాగుంటుంది. చూడలేదు. అది తన పని తాను చేసుకుంది.

సెమ్యోన్ రష్యన్‌లో ఏదో అంటూ తలబాదుకుని, తర్వాత ముందువరసవాళ్ళకి నన్ను చూపించి, ఇది నేర్పింది ఈయనే, సొంత కూతురి బంతినే అవుట్ అన్నాడు అని మొదలుపెట్టాడు. నేను కాళ్ళకేసి చూసుకుంటూ కూర్చున్నాను. సుధ మాత్రం కోర్టు వైపే చూస్తూ, "తన కళ్ళని తను ఎంత నమ్ముతుందో చూశావా డాడీ. నేనైతే అలా చెప్పలేను" అంది.

తర్వాత కారులో వస్తూ నవ్వుతూ ఇంకొకటి చెప్పింది. పాథాలజీ ల్యాబ్‌లో మైక్రోస్కోప్ కింద స్లైడ్ చూసి తనకి ఏం కనిపించిందో రాసే ముందు, ప్రతిసారీ పక్కనున్న అమ్మాయిని పిలిచి నీకూ అదే కనిపిస్తోందా అని అడుగుతుందట. ఎప్పుడూ అదే కనిపిస్తుందట. అయినా అడగకుండా రాయలేదట. క్లాసులో అందరూ ఏడిపిస్తారట. శారద కూడా నవ్వింది. నేను హైవే మీద మా ఎగ్జిట్ దాటించేశాను.

నేను పాడు చేసింది ఒక టెన్నిస్ మ్యాచ్ అనుకుంటూ వచ్చాను ఇన్నాళ్ళూ. రేపు సుధ ఎవరి బిడ్డ ఎక్స్‌రేనో చేతిలో పట్టుకుని నిలబడి, తనకి స్పష్టంగా కనిపిస్తున్నదాన్ని కనిపించిందని చెప్పలేకపోతే? పక్కన అడగడానికి ఎవరూ లేకపోతే?

ఇదంతా తెలుగులో రాస్తున్నాను. గమనించారా? సుధ మూడేళ్ళ పిల్లగా ఈ దేశం వచ్చింది. తెలుగు మాట్లాడుతుంది, చదవలేదు. అంటే ఒప్పుకుంటున్నానంటూనే ఎవరికి ఒప్పుకోవాలో వాళ్ళకి అందని చోట ఒప్పుకుంటున్నాను. సగం దాకా రాశాక ఈ సంగతి నాకే తట్టింది. నా బుద్ధి నాకు తెలుసు కదా, ఇది అనుకోకుండా జరిగిందని నేను అనను. అయినా ఆపలేదు. రాస్తున్నకొద్దీ బరువు కొంత తగ్గింది. మంచిపేరు ఎవరూ లేనప్పుడు దించి నేల మీద పెట్టి చూశాను, అంతే.

ఆదివారం సుధ వస్తోంది. దానికి చదవడం రాదు గానీ వింటే అర్థమవుతుంది. వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టి, ఇదంతా మొదటినుంచీ చదివి వినిపిస్తాను. శారద కూడా వింటుంది, విననీ. క్షమించమని అడగను. అడిగితే అది క్షమించేస్తుంది, సందేహం వచ్చిన ప్రతిదీ ఎదుటివాళ్ళకి ఇచ్చెయ్యడం దానికి అలవాటు చేసింది నేనే. ఇది నాకు ఇవ్వకూడదు. కోప్పడితే కోప్పడనీ, లేచి వెళ్ళిపోతే వెళ్ళిపోనీ. గాల్యాకి ఫోన్ చెయ్యాలనుకుంటే చెయ్యనీ.

మధ్యలో నేను ఆగిపోవచ్చు. అలా అయితే పైన రాసినవన్నీ వదిలేసి, ఇక్కడికి వచ్చి, ఈ కిందిది మాత్రం చదువుతాను.

సుధా, ఆ బంతి గీత మీదే పడింది. నువ్వు సరిగ్గానే చూశావు. ఆ రోజు నువ్వు గెలిచావమ్మా.